ఒక్కర్తే తొడుక్కునే కోటు

మాస్టారి పెట్టెలో గుండీలమ్మ అన్నిటికంటే ముందు చెప్పులు పెట్టింది. వాటి మీద పల్చటి చొక్కాలు, నూలు పైజామాలు, తువ్వాళ్లు పరిచింది. మందుల డబ్బా పెట్టింది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకునే ఇన్‌హేలర్‌ను పెట్టెలో ఒక మూల దూర్చింది. మళ్లీ తీసింది. దారిలోనే అవసరమైతే పెట్టె ఎక్కడ విప్పుతాం? చేతిసంచీలో వేసింది. చేతిసంచీ ఎవరైనా కొట్టేస్తే? సొరుగులోంచి ఇంకో ఇన్‌హేలర్ తీసి, అది ఎక్కడ పెట్టాలో తేలక చేత్తో పట్టుకుని నిలబడింది.

కిందటి వారం మనం ఈ ఆలుమగల్ని ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి వచ్చాం. లోపలికి మాస్టారిని ఒక్కరినే పిలిచారు. బయటికొచ్చాక ఆయన భార్యతో చెప్పింది ఒక్కటే. చలి ముదిరే రోజులు ఎక్కడైనా వెచ్చటి చోట గడిపి రమ్మన్నాడట డాక్టరు. ఆయన చిన్ననాటి స్నేహితుడొకడు దూరాన, ఏడాది పొడుగునా ఎండ కాసే ఒక దీవిలో ఉన్నాడు. సముద్రం ఒడ్డున నాలుగు గదులు కట్టి వచ్చేపోయేవాళ్లకు అద్దెకిస్తుంటాడు. వాడికి ఫోన్ చేశారు. రమ్మన్నాడు. ఇవాళ సాయంత్రమే ప్రయాణం.

వీధిలో వాళ్లకు ఇది పెద్ద వింతయిపోయింది. వీళ్లది చలికోట్లు కుట్టే దుకాణం. బట్ట కత్తిరించేది ఆయన, లైనింగు వేసి గుండీలు కుట్టేది ఆవిడ. అందుకే ఆయన కోటు మాస్టారు, ఆవిడ గుండీలమ్మ. చలికాలమంటే వీళ్లకు అన్నం తినడానికి తీరిక దొరకని కాలం. పెళ్లయిన దగ్గర్నుంచి మంచు పడే రోజుల్లో ఇద్దరూ కలిసి ఊరు దాటింది లేదు. ఎవరో ఒకరు దుకాణంలో ఉండాల్సిందే. "ఊరందరికీ కోట్లు తొడిగి, మీరు మాత్రం చొక్కాలు విప్పుకుని ఇసకలో పొర్లడానికి పోతున్నారా?" అని ఎదురింట్లో ఫోటోలు తీసే ఆయన పొద్దున్నే కేకేశాడు కూడా.

ఇద్దరూ వెళితే దుకాణం చూసేదెవరు? గుండీలమ్మ చెల్లెలు. రెండేళ్ల కింద భర్త పోయాక ఆమె అక్క దగ్గరికే వచ్చేసింది. కింద దుకాణం వెనక గదిలో ఉంటుంది. భర్త పోయిన రోజున గోడకు ఆనుకుని కూర్చున్న చెల్లెలి తల నిమురుతూ, "నేను బతికుండగా నిన్ను ఒంటరిగా వదలను" అని గుండీలమ్మ మాటిచ్చింది. ఆ మాట మాస్టారి ముందే ఇచ్చింది. ఇప్పుడా చెల్లెలికి కళ్లు మసకేశాయి. మంచు కరిగాక ఆపరేషన్ చేస్తామన్నారు.

ఆ దుకాణంలో ఒక నియమం ఉంది. ఎవరి కొలత వాళ్లు తీసుకోకూడదు. టేపు తన చేతిలో ఉంటే మనిషి తెలియకుండానే పొట్ట లోపలికి పీలుస్తాడు, భుజాలు పైకెత్తుతాడు, చివరికి కోటు ఎవరికో కుట్టినట్టు వస్తుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మాస్టారు మొదటి రోజున చెప్పేది ఇదే. పెళ్లయిన కొత్తలో ఆయన ఈ నియమాన్ని మేడ మీద తమ కాపురంలోకి కూడా తెచ్చారు. "నీకేం కావాలో నాకు తెలుస్తుంది. నాకేం కావాలో నీకు తెలుస్తుంది," అంటూ ఆవిడ పెట్టె ఆయన సర్దారు, ఆయనది ఆవిడ చేత సర్దించారు. అప్పటి నుంచి అదే అలవాటు. దిగాల్సిన చోట దిగేదాకా ఎవరి పెట్టె వాళ్లు తెరవకూడదు. ఆ ముచ్చట వాళ్లది.

ఈసారి మాస్టారు ఆవిడ పెట్టె పొద్దున్నే సర్దేసి, పట్టీ బిగించి మంచం పక్కన నిలబెట్టారు.

కింద నుంచి దగ్గు వినిపించింది. ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి పొడుగ్గా. గుండీలమ్మ అది తగ్గేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, తర్వాత ఒక నిశ్చయానికొచ్చింది. రెండో ఇన్‌హేలర్ తన పెట్టెలో వేస్తే సరి. చేతిసంచీ పోయినా ఇదుంటుంది. తెరవకూడదన్నది నిజమే, కానీ ప్రాణానికి సంబంధించిన విషయంలో ముచ్చటేమిటి? పైపైన పెట్టేసి మూసేస్తుంది, అంతే.

పట్టీ విప్పింది. నూలు చీరలు, జాకెట్లు, మోకాళ్ల నొప్పుల తైలం. నవ్వుకుంది. తను మర్చిపోయిన తైలం ఆయనకు గుర్తుంది. ఇన్‌హేలర్ ఒక అంచున దూరుద్దామని బట్టల కిందికి చెయ్యి పోనిచ్చింది. వేళ్లకు మందపాటి ఉన్ని తగిలింది.

పైకి లాగింది. కోటు. ముదురాకుపచ్చ రంగు, కొత్తది, ఎన్నడూ చూడనిది. ముడత పడకుండా చేతుల్లో కాగితాలు కూరి, లోపలివైపు బయటికి తిప్పి మడతపెట్టి ఉంది. ఆ మడత ఈ ఊళ్లో ఒక్కరికే తెలుసు.

"అయ్యో రామా," అంది గుండీలమ్మ పైకే. "చెమటలు కక్కే చోటికి వెళుతూ కోటు కుట్టాడు ఈ మనిషి!"

పట్టరాని సంతోషం వేసింది. చేతిలో సూది పట్టినప్పటి నుంచి ఊరివాళ్ల కోట్లకు గుండీలు కుట్టడమే గానీ తనకోసం కొత్త కోటు వచ్చి ఎన్నేళ్లయిందో. గోధుమరంగు పాతది కింద మేకుకు వేలాడుతోంది, ప్రయాణానికి అదే తొడుక్కోబోతోంది. మరి దీవిలో ఇదెందుకు? అలవాటు చొప్పున వేళ్లు గుండీల మీదికి పోయాయి. గట్టి దారంతో, గుండీ కింద దారాన్ని కాడలా చుట్టి, ఒక్కొక్కటీ బిగించి కుట్టి ఉన్నాయి. గుండీలు కుట్టమంటే మాస్టారికి చిరాకు. పెళ్లయ్యాక ఒక్క గుండీ కుట్టలేదు. ఇవన్నీ ఆయనే కుట్టారు, అదీ ఎవరూ చూడకుండా. లైనింగు రెండు పొరలు వేశారు. ఒక్క చలికాలానికి ఎవరూ రెండు పొరలు వెయ్యరు.

చెయ్యి కోటు కుడి చంక దగ్గర ఆగిపోయింది.

ఒక శీతాకాలం గుమ్మం ముందు మంచు మీద జారిపడిన దగ్గర్నుంచి గుండీలమ్మ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. కోటు తొడుక్కోవాలంటే వెనక మాస్టారు ఉండాలి. ఆయన కోటును కిందికి దించి పట్టుకుంటారు, ఆవిడ చేతిని వెనక్కి జార్చి దూర్చుతుంది, ఆయన మెల్లగా భుజాల మీదికి ఎక్కిస్తారు. దుకాణం గుమ్మంలో రోజూ జరిగేదే. "కోటు తొడగడానికని మా అక్క ఒక మొగుణ్ణి పెట్టుకుంది" అని చెల్లెలు ఆటపట్టిస్తుంటుంది.

ఈ కోటుకు చంక కింద అదనంగా ఒక ముక్క వేసి ఉంది. చేతిని వెడల్పుగా, కాస్త ముందుకు తిప్పి కోశారు. అలా కోయడం ఎందుకో చేతులకు అర్థమైంది గానీ మనసు ఇంకా ఒప్పుకోలేదు. గుండీలమ్మ కాగితాలు లాగి పారేసి, ఎడమచెయ్యి దూర్చి, కోటును వెనక్కి వదిలింది. కుడిచెయ్యి పక్కకు కొద్దిగా జరిపింది. దూరిపోయింది. నొప్పి లేదు, తంటా లేదు. కోటు భుజాల మీద కూర్చుంది.

వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఎవరూ లేరు.

మెట్ల మీద అడుగులు. మాస్టారు మొహం తుడుచుకుంటూ పైకొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆయన కళ్లు ముందు భుజం మీదికీ, తర్వాత నడుము మీదికీ, ఆఖరికి అంచు దాకా వెళ్లాయి.

"బాగా కుదిరిందే," అన్నారు.

ఆ మాట నోరు దాటాక గానీ ఏమన్నారో ఆయనకు తెలిసినట్టు లేదు.

"ఎప్పుడు కుట్టారు?" అంది గుండీలమ్మ.

"నువ్వు చెల్లెల్ని కళ్ల డాక్టరు దగ్గరికి తిప్పుతున్నప్పుడు."

"చెయ్యి దానంతటదే దూరిపోయింది."

"దూరాలనే కదా కోసింది."

"మరి నేనిది తొడుక్కునేటప్పుడు మీరెక్కడుంటారు?"

మాస్టారు తువ్వాలు మడిచారు. విప్పి మళ్లీ మడిచారు.

"డాక్టరు ఏమన్నాడండీ? నాకు మీరు చెప్పింది వద్దు. ఆయన అన్నది చెప్పండి."

"కూర్చో ముందు."

"నిలబడే వింటాను. కొత్త కోటు, ముడత పడుతుంది."

ఆయన నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గేదాకా ఆవిడ కదల్లేదు. మామూలుగా అయితే నీళ్లు తెచ్చేది.

"గడిపి రమ్మనలేదు," అన్నారు మాస్టారు చివరికి. "ఈ ఊళ్లో ఇంకో చలికాలం వద్దన్నాడు. ఈ ఒక్క ఏడూ అని కాదు. ఏ ఏడూ వద్దన్నాడు. ఈ ఉన్ని నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు అరిగిపోయాయట. చలి తగిలితే ఇక తట్టుకోవన్నాడు."

"అందుకని?"

"అందుకని అక్కడే ఉండిపోదామని. వాడు వెనక గది ఇస్తానన్నాడు. గొడుగులు, గుడారాలు కుట్టే పనుందట. నూలే, ఉన్ని కాదు."

"నేను?"

"నువ్వు తిరిగొచ్చేస్తావు."

"నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"నువ్వు వెనక్కి బయల్దేరే రోజు. అక్కడి రేవులో."

"రేవులో! సామాను ఎక్కించక ముందా, ఎక్కించాకా?"

మాస్టారికి సూటిగా అడిగితే అబద్ధమాడటం బొత్తిగా చేతకాదు. అసలు విషయం ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట చాటున దాచగలిగారు గానీ, అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పలేకపోయారు.

"ఎక్కించాక," అన్నారు.

"శభాష్! ఇన్నేళ్లు కాపురం చేసి, నన్ను పడవెక్కించి చెయ్యూపుదామనుకున్నారు. చెయ్యి కూడా ఏది ఊపాలో అనుకునే ఉంటారు, అన్నీ ముందే కొలిచి పెట్టుకునే మనిషి కదా!"

"ముందే చెబితే నువ్వసలు బయల్దేరవు. బయల్దేరితే నన్నొదిలి వెనక్కి రావు. రాకపోతే దాని సంగతేంటి?" అంటూ ఆయన కళ్లతో నేలకేసి, కింది గదికేసి చూపించారు. "ఆపరేషను పెట్టుకుని కళ్లు కనపడని మనిషి. నువ్వు మాటిచ్చింది నా ఎదురుగానే కదా. దాన్ని వదిలేసి నా దగ్గరున్నావనుకో, నీకు ముద్ద దిగదు. నన్ను వదిలేసి దాని దగ్గరున్నావనుకో, అప్పుడూ దిగదు. అదే, మొగుడు మోసం చేసి ఉండిపోయాడనుకుంటే నీకు కోపమొస్తుంది. కోపమొస్తే నువ్వు బాగా తింటావు. నాకు తెలుసు."

గుండీలమ్మకు వచ్చింది ఏడుపో, నవ్వో తెలియలేదు. 

"ఎవరి కొలత వాళ్లు తీసుకోకూడదని పొద్దస్తమానం అరిచేదెవరు?" అంది. "మరి దీనికి టేపు ఎవరు పట్టారండీ? మీరే పట్టి, మీరే కోసి, మీరే కుట్టి, నాకు తొడిగేద్దామనుకున్నారా?"

మాస్టారు మంచం అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. కత్తెర పట్టి పట్టి బొటనవేలు మీద కాయకాసిన చోటు తెల్లగా కనిపిస్తోంది. ఆయన ఎంత చిక్కిపోయారో గుండీలమ్మ ఆ క్షణంలోనే చూసింది. రోజూ చూసే మనిషిని సరిగ్గా చూడటం ఎంత కష్టమో. ఆవిడ కోటుతోనే వెళ్లి పక్కన కూర్చుంది.

అప్పుడే చెల్లెలు గోడ తడుముకుంటూ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. మసక కళ్లతో కూడా అక్క భుజాల మీద ఆ బరువైన ఆకారం ఆమెకు కనిపించింది.

"ఏంటక్కా, కోటేసుక్కూర్చున్నావ్? దీవిలో ఎండ కాయట్లేదని ఫోనొచ్చిందా?"

ఎవరూ నవ్వలేదు. చెల్లెలు గ్లాసులు కిటికీలో పెట్టింది.

"ఏమైంది?"

"మీ బావ అక్కడే ఉండిపోతారట," అంది గుండీలమ్మ. "ఇక్కడి చలికి ఆయన ప్రాణం నిలవదట. నన్ను మాత్రం నీకోసం తిప్పి పంపించేస్తారట. నాకు చెప్పకుండా."

చెల్లెలు మాస్టారు కూర్చున్న వైపుకు తిరిగింది.

"నన్నొక మాట అడిగారా బావా?"

"నీకు కళ్లు…"

"కళ్లకే మసకేసింది, బుర్రకు కాదు. నేనేమన్నా కుట్టుమిషన్నా, ఎవరో ఒకరు పక్కనుండి నూనె వెయ్యడానికి? ఇద్దరూ వెళ్లండి. ఇద్దరూ అక్కడే ఉండండి. నా ఆపరేషను నేను చేయించుకుంటాను. ఆస్పత్రిలో నర్సులు లేరా?"

గట్టిగానే అంది. కానీ గ్లాసు అందుకోబోయిన చెయ్యి కిటికీ చెక్కకు తగిలి, టీ తొణికి వేళ్ల మీద పడింది. ఆమె అబ్బా అనలేదు. ఆ వేళ్లను కొంగులో దాచుకుంది. అక్క చూసింది. బావ కూడా చూశారు.

గుండీలమ్మ లేచి చెల్లెలి చెయ్యి పట్టుకుని తెచ్చి, తమ ఇద్దరి మధ్యా కూర్చోబెట్టింది. మంచం కిర్రుమంది.

"ఇప్పుడు ముగ్గురం కలిసి కొలుద్దాం," అంది. "ఏమండీ, మంచు కరిగాక ఈ ఊళ్లో ఉంటే మీకేమన్నా అవుతుందా?"

"ఎండ వచ్చాక పర్లేదన్నాడు."

"దీని ఆపరేషను ఎప్పుడు?"

"ఎండ వచ్చాకే."

"చెల్లీ, కళ్లొచ్చాక నీకీ ఊళ్లో పనేముంది?"

"ఏముంది నా మొహం! మీ కోట్లకు కాపలా."

"అయితే అంత చిన్న లెక్కకు ఈ మనిషి ఇన్ని రోజులు ఒంటరిగా కూర్చుని ఏడిచాడా?" గుండీలమ్మ కోటు చేత్తోనే కళ్లు తుడుచుకుంది. "ఈ చలికాలం మనిద్దరం అక్కడ. మంచు కరగ్గానే ఇద్దరం కలిసి వెనక్కి వస్తాం. దీని ఆపరేషను చేయిస్తాం. దుకాణానికి తాళం వేసి, మళ్లీ చలి రాకముందే ముగ్గురం వెళ్లిపోతాం. నేను తెరచాపలకైనా గుండీలు కుడతాను."

"తెరచాపకు గుండీలుండవే," అన్నారు మాస్టారు.

"పెట్టిద్దాం!" అంది చెల్లెలు.

ఈసారి ముగ్గురూ నవ్వారు. మాస్టారికి నవ్వుతో పాటు ఆయాసం వచ్చింది. చెల్లెలే వీపు రాసింది. ఆయన తేరుకున్నాక గుండీలమ్మ తన అరచెయ్యి ముందుకు చాపింది.

"చెయ్యి వెయ్యండి. వెనక్కి వస్తారని చెప్పండి."

"వస్తాలే."

"అలాక్కాదు. మనిద్దరం కలిసి, ఇదే గుమ్మంలో దిగుతామని చెప్పండి. దీని ముందర చెప్పండి."

మాస్టారు ఆవిడ చేతిలో చెయ్యి వేశారు. ఆ మాట మొదలుపెట్టడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. దాచిన సంగతి బయటపడ్డాక మనిషి మొహంలో ఉండే తేలిక ఆయన మొహంలో ఉంది.

"మంచు కరగ్గానే ఇద్దరం కలిసి వస్తాం," అన్నారు. "ఇంక మోసం లేదు."

చీకటి పడకముందే టాక్సీ వచ్చింది. కొత్త కోటును గుండీలమ్మ తన పెట్టెలో పెట్టనివ్వలేదు. అలమారాలో తగిలించి తలుపు వేసింది. పాతదే తొడుక్కుంటానంది. గుమ్మంలో మాస్టారు ఎప్పటిలాగే దాన్ని కిందికి దించి పట్టుకున్నారు, ఆవిడ ఎప్పటిలాగే చెయ్యి వెనక్కి జార్చింది.

పెట్టెలు ఎక్కించాక ఆవిడ రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చింది. ఒకసారి పొయ్యి ఆర్పిందో లేదో చూడటానికి. రెండోసారి ఎందుకు వెళ్లిందో ఆవిడకే తెలియలేదు. దుకాణం మధ్యలో నిలబడి, కత్తిరించే బల్లనూ, దారం ఉండలనూ, కిటికీలో సగం కుట్టిన కోటు తొడిగిన చెక్క బొమ్మనూ చూసి బయటికొచ్చింది.

"మెట్టు మీద మంచు కరిగేలా ఉప్పు చల్లుతూ ఉండవే, లేకపోతే జారతావు. వెలుతురు ఉండగానే తలుపు వేసుకో. కళ్లలో చుక్కలు ఫోటోల ఆయన భార్య చేత వేయించుకో, నువ్వే వేసుకుంటే చెంపల మీద పోసుకుంటావు."

"సరేనమ్మా. వెళ్లు."

"రోజూ ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే కంగారుపడతాను."

"ఎత్తుతాను. ముందు నువ్వెక్కు, టాక్సీ అతను మన ముగ్గురి మొహాలూ చూసి విసిగిపోయాడు."

గుండీలమ్మ చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది. విడిచిపెట్టి, మళ్లీ పట్టుకుంది. టాక్సీలో కూర్చున్నాక అద్దం దించి, తల బయటికి పెట్టింది. మాస్టారు "చలి, చలి" అంటున్నా వినలేదు. చెల్లెలికి వీధి మలుపు దాకా కనపడదని ఆవిడకు తెలుసు. అయినా మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. ఊపింది ఎడమచెయ్యి.

ఆ చలికాలం ముగిశాక, మార్చి రెండో వారంలో, వీధిలో మంచంతా కరిగి నీళ్లయిన రోజున కోటు మాస్టారు అదే గుమ్మంలో టాక్సీ దిగారు. ఒక్కరే దిగారు. గుండీలమ్మ ఆ మార్చిలో రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ తిరిగి రాలేదు. ఆ దీవిలో ఏం జరిగిందో వచ్చే వారం చూద్దాం.